రావి వేళ్ళలో ముడి

ఆ చెట్టు మూలంగా నా కూతురు చచ్చిపోతుందని నా వియ్యపురాలు నా ఇంట్లో కూర్చుని, నేనిచ్చిన మజ్జిగ తాగి, నా మొహం మీదే అంది. అమ్మాయికప్పుడు ఏడో నెల. పురిటికి పుట్టింట దిగబెట్టడానికి ధవళేశ్వరం నుంచి బండి కట్టించుకుని ఆవిడే స్వయంగా వచ్చింది. అంతకు ముందు ఏడాది అత్తవారింట్లో ఉండగా అమ్మాయికి నాలుగో నెలలో ఒక కడుపు పోయింది. అప్పుడు కూడా ఆవిడ నా చెట్టు పేరే చెప్పిందట. ధవళేశ్వరంలో ఉన్న కడుపుకీ, రాజమహేంద్రవరంలో మా పెరట్లో గోలెంలో ఉన్న రావిచెట్టుకీ సంబంధం ఏమిటని ఎవరైనా అడగాలా వద్దా? ఎవరూ అడగలేదు. నేనే అడిగి నోటి దురుసుదాన్ని అనిపించుకున్నాను.

ఆ చెట్టు సంగతి మొదటి నుంచి చెబితే గాని మీకు అర్థం కాదు.

మాది అంగడి వీధిలో పప్పులూ పసుపూ మిరపకాయలూ అమ్మే కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఇంకా వెనక పెరడు. అమ్మాయి చంకలో పిల్లగా ఉన్నప్పుడు, ఒక వానాకాలం, పెరటి గోడ ఇటుకల సందున రావి మొలిచింది. కాకి రెట్టలో పడిన గింజ. రావి గోడలో పడిందంటే ఆ గోడని బతకనివ్వదు. అలాగని పీకి పారెయ్యడానికీ లేదు, రావి అంటే సాక్షాత్తూ నారాయణుడు. మా వీధిలో సగం గోడల్లో ఈ నారాయణుడు మొలిచి ఉన్నాడు. అందరూ వాడికి దండం పెట్టుకుని, గోడ పడిపోయాక మళ్ళీ కట్టుకునేవాళ్ళు. మా ఆయన కూడా, ‘ఉండనీవే, మనకెందుకొచ్చిన పాపం’ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. గోడ బాగా నానిన రోజు చూసి, వేళ్ళు తెగకుండా జానెడు మొక్కని మెల్లిగా లాగి, మెడ విరిగిన పచ్చడి జాడీలో మట్టి పోసి నాటాను. చంపలేదు కదండీ, చోటు మార్చానంతే అన్నాను.

దాన్ని పొట్టిగా ఉంచాలని నేను అనుకోలేదు. జాడీ చిన్నది కాబట్టి అది పొట్టిగా ఉండిపోయింది. మూడో ఏడు దాని వేళ్ళు జాడీని పగలగొట్టాయి. మళ్ళీ పాతుదామని చూస్తే వేళ్ళ గుత్తి చెట్టు కంటే పెద్దదైపోయింది. సగం వేళ్ళు కత్తిరించి, కుమ్మరిచేత చేయించిన లోతు లేని గోలెంలో కూర్చోబెట్టాను. పోతుందనుకున్నాను. పోలేదు సరికదా, తరవాత వేసిన ఆకులు ముందటి వాటిలో సగమే ఉన్నాయి, కానీ కొన తోకలతో సహా అచ్చంగా రావి ఆకులే. గాలికి పెద్ద చెట్టు ఆకుల్లాగే గలగలలాడాయి. ఆ రోజు నుంచి నాకు దాని పిచ్చి పట్టుకుంది. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టు, ఒక పనితో ఆగలేదు. ఫాల్గుణంలో ఆకులన్నీ దూసేసేదాన్ని, మళ్ళీ వచ్చేవి ఇంకా చిన్నవిగా రావాలని. కొమ్మలు పెద్ద చెట్టుకు వాలినట్టు వాలాలని దారాలు కట్టి వాటికి తూనిక రాళ్ళు వేలాడదీసేదాన్ని. కొట్లో పలం రాయి కనపడకపోతే మా ఆయన నేరుగా పెరట్లోకి వచ్చేసేవారు.

‘ఏమే, బేరం నిలబడిపోయింది, రాయేది?’

‘కొమ్మకుందండీ. ఈ పూటకి వీసెతో తూచండి.’

ఆయన విప్పుకుని పోయేవారు, నేను సాయంత్రం మళ్ళీ తెచ్చి కట్టేదాన్ని. పైకి విసుక్కునేవారు గాని, ఊళ్ళోకి వచ్చిన షావుకార్లని పిలుచుకొచ్చి దాన్ని చూపించేదీ ఆయనే.

అసలు ముడి సంగతికి వస్తాను. వేసవిలో గోదావరి తగ్గినప్పుడు స్నానానికి వెళ్ళి, రేవులో ఒక నల్లరాయి చూశాను. గుమ్మడికాయంత ఉంటుంది, మధ్యలో నొక్కు. చెట్టు ఈ రాయి మీద కూర్చుని, వేళ్ళు రాయిని పట్టుకుని కిందికి దిగితే ఎలా ఉంటుందా అనిపించింది. తడిచీరతో దాన్ని ఇంటికి మోసుకొచ్చాను. వేళ్ళని రాయి చుట్టూ పరిచి కొబ్బరితాడుతో కడితే ఆ వానలకే తాడు కుళ్ళి, వేళ్ళు జారిపోయాయి. అప్పుడు మా కొట్టుకి ఉప్పూ మిరపకాయలూ కొనడానికి వచ్చే పడవల రేవు మనిషి ఒకావిడ ఉండేది. మొగుడూ మరుదులూ గోదావరిలో వలలు వేసేవాళ్ళు. గట్టి తాడు కావాలని అడిగాను.

‘దేనికండీ అమ్మగారూ?’

‘చెట్టు వేళ్ళని రాయికి కట్టడానికి.’

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తరవాతి సారి వచ్చినప్పుడు వల తాడు ముక్క తెచ్చింది. తుమ్మచెక్క కషాయంలో ఉడకేసిన తాడు, నల్లగా, సన్నగా ఉంది. ‘నీళ్ళలో ఎన్నాళ్ళున్నా కుళ్ళదండి,’ అంటూ పెరట్లోకొచ్చి తనే కట్టిపెట్టింది. ముడి కూడా వాళ్ళ వల ముడే వేసింది. ‘లాగేకొద్దీ బిగుస్తాదండి, ఇప్పడానికి మాత్రం రాదు,’ అంది. నాకు కావలసిందీ అదే.

ఆ తరవాత ప్రతి వానాకాలానికీ రాయి మీదికి పోసిన మట్టి ఒక వేలు మందం తగ్గించేదాన్ని. మట్టి తగ్గేకొద్దీ వేళ్ళు బయటపడి, ఎండ తగిలి, ముదిరి, చెట్టు కాళ్ళలా అయ్యాయి. రాయిని పట్టుకున్నాయి. ఒకదాన్ని ఒకటి తాకిన చోటల్లా అతుక్కుపోయాయి. రావి వేళ్ళకి ఆ గుణం ఉంది. తాడు మొదట పైకి కనపడేది, తరవాత గాడిలో కనపడేది, తరవాత వేళ్ళే రెండు పక్కల నుంచీ ఉబ్బి దాన్ని మింగేశాయి. అమ్మాయికి జడ వేసే వయసొచ్చేసరికి తాడన్నది ఒకటుందని నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఉబ్బిన చోట చెట్టుకి నూరేళ్ళ ముసలితనం వచ్చినట్టుండేది. దాన్ని చూసుకుని నాకెంత గర్వమో!

ఊళ్ళో వాళ్ళు చూడడానికొచ్చి మొక్కై వంగనిది మానై వంగునా అని ఒక సామెత వదిలేసి పోయేవాళ్ళు. వచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట, అదేదో అప్పుడే తమకి తోచినట్టు. విని విని నాకు తల బొప్పి కట్టింది. అమ్మాయి మాత్రం దాని జాడీ అంచు పట్టుకునే నడక నేర్చింది. దాని కిందే లక్కపిడతలు పెట్టుకుని అన్నాలు వండింది. నాకు జ్వరమొస్తే చెట్టుకి నీళ్ళు పోసేది అదే. ఎంత పొయ్యాలో, ఎప్పుడు ఆపాలో నేను చెప్పకుండానే తెలుసుకుంది. ఇంట్లో దానికి తోబుట్టువులు లేరు. నాకు మళ్ళీ కానుపు లేదు. ఉన్నది అదొక్కతే.

ఆ ఒక్క దాన్నీ ధవళేశ్వరం ఇచ్చాం. పెళ్ళిమాటలకి వచ్చినప్పుడే వియ్యపురాలు పెరట్లోకి వచ్చి చెట్టుని చూసింది. ముందు చేతులు జోడించింది. తరవాత దారాలకు వేలాడుతున్న రాళ్ళు చూసి చేతులు దించేసింది. అప్పుడేమీ అనలేదు. కడుపు పోయినప్పుడు అంది, ఇప్పుడు ఏడో నెలలో నా ఎదటే అంది.

‘వదినగారూ, చెప్తే మీకు కోపం వస్తుంది గానీ, రావిని ఇలా కట్టేసి పెంచడం ఎక్కడైనా ఉందాండీ? పిల్లల కోసం ఆడవాళ్ళు రావి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తారు. మీరేమో దాని కాళ్ళూ చేతులూ కట్టి గోలెంలో కూలేశారు. దాన్ని ఎదగనివ్వకపోతే మీ అమ్మాయి కడుపు ఎలా ఎదుగుతుందండీ?’

‘ఎదుగుతూనే ఉంది కదండీ, మీ కళ్ళెదటే ఉంది.’

‘ఎదిగింది బయటికి రావాలి కదండీ. తల్లీ దక్కాలి.’

కోటిలింగాల రేవు దగ్గర గుడి వాళ్ళకి ఇచ్చేస్తే నేలలో పాతుకుంటారని, కట్లన్నీ విప్పేసి పంపించమని చెప్పి ఆవిడ బండెక్కింది. నేను ఇవ్వనన్నాను. ఇవ్వనన్నానే గాని, బండి వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. అమ్మాయి గుమ్మంలో కూర్చుని అంతా విన్నది.

‘ఇవ్వకమ్మా,’ అంది. ‘దాని మీద నాకేం అనుమానం లేదు. నాకు తోబుట్టువు లాంటిది, అదెందుకు నాకు కీడు చేస్తుంది?’

ఇంకేముంది, ఉంచుకున్నాను. కానీ ఆ రెండు నెలలూ నేను దారం కొత్తది కట్టలేదు. చెట్టు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా, దీనివల్లే ఏదైనా అయితే నేను బతకగలనా అని ఆలోచన వచ్చేది. నీళ్ళు పోసి గబగబా వచ్చేసేదాన్ని. ఎవరితోనూ చెప్పుకోలేదు, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని.

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. అమ్మాయికి నొప్పులు తెల్లవారకముందే మొదలయ్యాయి. మంత్రసాని వచ్చింది. మా వీధిలో సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే. ధవళేశ్వరం కబురు పంపితే వియ్యపురాలు పొద్దెక్కేసరికి దిగింది. అప్పటికి నొప్పులు వస్తున్నాయి, పోతున్నాయి గాని బిడ్డ జరగడం లేదు. మధ్యాహ్నానికి మంత్రసాని గది బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ నా మొహం చూడకుండా మాట్లాడింది. అలా చూడకుండా మాట్లాడడం నాకు నచ్చలేదు.

‘బిడ్డ అడ్డం తిరగలేదమ్మా. తలే కిందికుంది. కానీ ఆ పిల్లకి ఓపిక అయిపోయింది. ముక్కమంటే ముక్కడం లేదు, లేచి గొంతుక్కూర్చోమంటే కూర్చోడం లేదు. ఇంట్లో తాళాలూ ముళ్ళూ ఉంటే తీసేయించండి. బిడ్డకి దారి ఉండాలి.’

కష్టకానుపు ఇంట్లో ఈ పని అందరం చేసేదే. ముడి పడి ఉన్నది ఏదీ ఉండకూడదు, మూసి ఉన్నది ఏదీ ఉండకూడదు. వియ్యపురాలు ఇల్లంతా తనే తిరిగింది. పెట్టెలు తెరిపించింది. కొట్లో బస్తాల మూతులన్నీ విప్పించింది. మా ఆయన గల్లాపెట్టె తాళం తీసి, మూత ఎత్తి, గుమ్మంలోనే నిలబడ్డారు. చేదకి తాడు విప్పారు, జాడీల మూతులకు కట్టిన వాసెన గుడ్డలు విప్పారు, గేదె పలుపు విప్పితే అది తిన్నగా వెళ్ళి సొరపాదు మేసింది. నా జుట్టు నేను విప్పుకున్నాను, ఆవిడ జుట్టు ఆవిడ విప్పుకుంది. మా ఆయన మొలతాడు కూడా విప్పేసి పంచె చేత్తో పట్టుకుని తిరిగారు. అమ్మాయి పడుకున్నది నులకమంచం, అది మొత్తం ముళ్ళే. అది చూసుకుని దాన్ని దింపి చాప మీదికి మార్చాం. మారుస్తుంటే దాని చెయ్యి నా మెడ మీద పడింది. చల్లగా ఉంది.

దాని మెడలో మూడు ముళ్ళున్నాయి. ఇల్లంతా విప్పినవాళ్ళం వాటి మాట ఎత్తలేదు. నాకు నోటి దాకా వచ్చింది. విప్పితే ఆ ముళ్ళే ముందు విప్పాలండీ, మిగతావన్నీ ఆ తరవాతే వచ్చాయి అందామనుకున్నాను. ఎంత నోరున్నదాన్నయినా ఆ మాట అనడానికి నాకు ధైర్యం చాల్లేదు. కొడుకుని కన్న తల్లి ఎదురుగా ఉంది.

తరవాత ఇద్దరం చెట్టు దగ్గరికి వెళ్ళాం. నేనే దారాలన్నీ తెంపేశాను, రాళ్ళు తీసి పక్కన పెట్టాను. కొమ్మలు వాలినవి వాలినట్టే ఉన్నాయి, ఎప్పుడో అలవాటు పడిపోయాయి కదా. వియ్యపురాలు వంగి ఒక్కొక్క కొమ్మ కిందా చెయ్యి పెట్టి చూసింది.

‘ఇంకేమీ లేవు కదండీ వదినగారూ?’

‘లేవండీ,’ అన్నాను. అంటుండగానే వల తాడు గుర్తొచ్చింది.

నమ్మావా అని మీరు అడుగుతారు. పొద్దున్న నమ్మలేదు. కానీ లోపలి నుంచి కూతురి అరుపు గంటగంటకీ సన్నబడుతూ ఉంటే తల్లన్నది దేన్నయినా నమ్ముతుంది. ఇంట్లో ఒకే ఒక్క ముడి మిగిలింది. అది ఎక్కడుందో నా ఒక్కదానికే తెలుసు. లాగేకొద్దీ బిగిసేది, విప్పడానికి రానిది, నేను అడిగి మరీ వేయించుకున్నది.

కొట్లోకి పరిగెత్తి గోనెలు కుట్టే దబ్బనం తెచ్చాను. వేళ్ళు ఉబ్బిన చోట పొడిచాను. పాలు కారాయి. ఇంకా లోతుకి పొడిస్తే మొన గట్టిగా దేనికో తగిలింది. తాడే. పైకి లాగితే రాలేదు. వేళ్ళు దాని మీద చేతివేళ్ళ మందాన పేరుకుపోయాయి. రెండు మూడు చోట్ల చూశాను. చేతులు పాలతో జిగురైపోయి దబ్బనం జారిపోతోంది. వియ్యపురాలు నా వెనకే నిలబడింది.

‘ఏం చేస్తున్నారు వదినగారూ?’

‘లోపల ఒక కట్టు ఉందండీ. అమ్మాయి చిన్నప్పుడు కట్టించింది. చెట్టు మింగేసింది.’

ఆవిడ మొహం తెల్లబోయింది. నేను లేచి కట్టెల దగ్గరి గొడ్డలి తెచ్చేసరికి ఆ తెల్లబోయిన మొహం కాస్తా ఎర్రగా అయింది. గోలెనికి అడ్డంగా వచ్చి నిలబడింది.

‘రావి మీద గొడ్డలి వేస్తారా? ఇవాళ? లోపల నా కోడలు ఆ స్థితిలో ఉండగా? మీకు మతిపోయిందాండీ?’

‘ముళ్ళన్నీ విప్పాలన్నది మీరు కాదాండీ?’

‘విప్పమన్నాను గాని నరకమన్నానా? రావిని నరికితే వంశం నిలబడుతుందా?’

‘ముడి ఉంటే పిల్ల దక్కదన్నారు. నరికితే వంశం దక్కదంటున్నారు. ఏదో ఒకటి తేల్చి చెప్పండి వదినగారూ, నేను అదే చేస్తాను.’

ఆవిడ తేల్చలేకపోయింది. లోపల అమ్మాయి అరిచింది. అరుపులా లేదు, మూలుగులా ఉంది. ఆవిడ చెవులు మూసుకుని, గోలెం ముందు నుంచి తప్పుకుని, లోపలికి పరిగెత్తింది. పురిటిగది గోడకి ఆనుకుని ఏడవడం నాకు కిటికీలోంచి కనపడింది.

మా ఆయన వచ్చారు. గొడ్డలి ఆయన చేతికివ్వబోయాను. ‘నేను వెయ్యలేనే,’ అన్నారు. ‘నన్ను అడక్కు.’ కాని వెళ్ళిపోలేదు. ఒక చేత్తో పంచె పట్టుకుని, గొంతుక్కూర్చుని, గోలెం కదలకుండా రెండో చేత్తో ఒత్తి పట్టుకున్నారు.

మొదటి దెబ్బ పైన వేశాను, కాండం తెగిపడింది. అదే తేలిక. తీసి పక్కన పెట్టి, ఇక చూడలేదు. వేళ్ళు మాత్రం రాయిని వదలవు. గొడ్డలి వేస్తే వేరు తెగేది, తెగాక రాయికి తగిలి టప్పుమనేది. ఒక్కొక్క వేరూ నాకు తెలుసు. ఇది జాడీ పగలగొట్టినది, ఇది వానల్లో కుళ్ళబోతే బూడిద రాసి బతికించినది, ఈ రెండూ అతుక్కున్న ఏడు అమ్మాయికి ఆటలమ్మ పోసింది. చూస్తూ కొడుతూనే ఉన్నాను. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా కోపంగా ఉంది. చెట్టు మీద కోపం, వియ్యపురాలి మీద కోపం, ఆ ముడి వేసిన మనిషి మీద కూడా కోపం, ఆవిడేం చేసింది పాపం. వేరు చెక్కలు నా ఒళ్ళో పడ్డాయి. పాలు మోచేతుల దాకా కారాయి. ఎండ మాడిపోతోంది. లోపల మూలుగు కూడా ఆగిపోయింది. ఆగిపోతే చెయ్యి ఆగుతుందనుకున్నాను, ఇంకా జోరైంది. టప్, టప్ మని వీధి చివరి దాకా వినపడేటట్టు కొట్టాను.

అప్పుడు లోపల ఏదో దబ్బున కదిలిన చప్పుడైంది. మంత్రసాని ఏదో అరిచింది. నేను గొడ్డలి ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాను. మా ఆయన గోలెం వదిలేశారు. కాసేపటికి కేరుమని ఏడుపు. కొత్త గొంతు.

‘ఆడపిల్లండీ,’ అని మంత్రసాని గుమ్మంలోంచి కేకేసింది. ‘తల్లీ బాగానే ఉందండీ.’

మా ఆయన అలాగే లోపలికి పరిగెత్తారు, పంచె సంగతి కూడా మరిచిపోయి. నేను వెంటనే వెళ్ళలేదు. గొడ్డలి కింద పెట్టి, ఎదురుగా చూశాను. నేను కొట్టిన చోట చివరి రెండు వేళ్ళూ ఇంకా తెగలేదు. వాటి మధ్య, చీలిన చెక్కలో తాడు కనపడుతోంది. నల్లగా, సన్నగా, కట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ముడి కూడా ఉంది. చిటికెన వేలితో నొక్కి చూశాను. ఇనుములా బిగిసి ఉంది.

అంటే ముడి ఉండగానే పిల్ల పుట్టింది. చెట్టు ఇంకో పూట ఉన్నా పుట్టేది. అంతలో వియ్యపురాలు బయటికొస్తున్న గాజుల చప్పుడు వినపడింది. గబుక్కున గొడ్డలి అంచుతో ఆ ముడిని తెంపి, పక్కనే నీళ్ళు కాగుతున్న పొయ్యిలో పడేశాను. ఎందుకు దాచానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆవిడ వచ్చి, పాలతో జిగురు కట్టిన నా చేతులు రెండూ పట్టుకుంది.

‘మీరు ముడి తెంపారు, పిల్ల బయటపడింది వదినగారూ. నా కళ్ళతో చూశానండీ. నేను అన్న మాటలన్నీ మనసులో పెట్టుకోకండి.’

‘పెట్టుకోనండీ,’ అన్నాను. పెట్టుకున్నాను లెండి, ఇప్పటికీ ఉన్నాయి.

రావి కట్టెని పొయ్యిలో పెట్టకూడదు. మర్నాడు పొద్దున్నే మా ఆయన ముక్కలన్నీ పైపంచెలో మూటగట్టి గోదావరిలో వదిలి వచ్చారు. తిరిగొచ్చి స్నానం చేసి, కొట్టు తెరిచారు. పురుడు వెళ్ళేదాకా రావిని నరికిన మాట బాలింత చెవిన పడకూడదని వియ్యపురాలు అందరికీ గట్టిగా చెప్పింది. పిల్ల పాలు బాగా తాగుతోంది. అమ్మాయికి రంగు తిరిగింది. గదిలోకి వెళ్ళినప్పుడల్లా అది చెట్టు సంగతి అడుగుతుందేమోనని నాకు బెదురు. అడగలేదు.

పురిటి స్నానం రోజున, తలకి నూనె రాద్దామని దాన్ని నా ముందు కూర్చోబెట్టుకున్నాను. పసిది పక్కన నిద్రపోతోంది. అమ్మాయి వెనక్కి తిరక్కుండానే అడిగింది.

‘అమ్మా, ఆ రోజు పెరట్లో ఏం కొట్టారు?’

‘ఎందుకే?’

‘నాకు అప్పటికి ఏమీ వద్దనిపించిందమ్మా. ముక్కమంటున్నారు, లేవమంటున్నారు, నా ఒంట్లో లేదు. పోతే పోనీలే అనుకుని కళ్ళు మూసుకున్నాను. అప్పుడు మా అత్తగారు వచ్చి గోడకి ఆనుకుని ఏడుస్తున్నారు. పెరట్లో టప్ టప్ మని కొడుతున్నారు. వెదుళ్ళు కొడుతున్నారనుకున్నాను.’

‘వెదుళ్ళెందుకే?’ అన్నాను.

‘నా పాడెకేనమ్మా,’ అంది. ‘ఇంకా ప్రాణం ఉండగానే కట్టించేస్తున్నారా, మా అమ్మ కూడా ఊరుకుందా అని ఒళ్ళు మండిపోయింది. అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. ఉండండి మీ పని చెప్తానని చాప మీద లేచి కూర్చున్నాను. అంతే, ఇది వచ్చేసింది.’

మంత్రసాని పొద్దుటి నుంచి దాన్ని అలా కూర్చోమనే బతిమాలుతోంది. నూనె గిన్నె కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాను.

‘వెదుళ్ళు కాదే,’ అన్నాను. ‘రావి.’

అది గబుక్కున వెనక్కి తిరిగింది. ‘ఏ రావి?’ అని అడిగింది గాని, అడుగుతుండగానే దానికి తెలిసిపోయింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. గోలెంలో చెట్టు లేదు, రాయి ఒక్కటే గోడ పక్కన పడి ఉంది. అది కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, నొప్పుల్లో కూడా ఏడవనంత ఏడ్చింది.

‘దాన్నెందుకు కొట్టావమ్మా? నేను చెప్పాను కదా, దాని మీద నాకేం అనుమానం లేదని.’

నీకోసమే అని చెప్పలేదు. అలా చెబితే ఆ బరువు జీవితాంతం దాని నెత్తిన పెట్టినట్టవుతుంది. బాలింత అలా ఏడవకూడదని గదమాయించాను. వెళ్ళి తల నా భుజానికి ఆనించుకున్నాను. దాని జుట్టు నిండా నూనె, నా రవిక తడిసిపోయింది.

‘ఊరుకో, పిల్ల లేస్తుంది,’ అన్నాను.

అది ఊరుకుంది. నేనే ఊరుకోలేకపోయాను.